రైతులకు సెల్‌ఫోను విద్య: దానికి వలసిన కాలము

1904వ సంవత్సరమున పరపతి సంఘముల చట్టము మన దేశమున వెలసిన దినములలో, అప్పు తీసికొను రైతు ఋణపత్రముమీద బొటనవ్రేలి ముద్ర వేసెడివాడు. పత్రమునం దేమి యున్నదో వ్రాసినవానికి తెలియును, చదివినవానికి తెలియును. ముద్ర వేసినవానికి మాత్రము తెలియదు. నాటినుండి నేటికి నూట యిరువది యేండ్లు గడచినవి. ఇన్ని బడులు లేచిన పిదప మరల ఆ బొటనవ్రేలే ముందునకు వచ్చినది. పంట నమోదు ధ్రువపరచుటకు రైతు సేవా కేంద్రమున వ్రేలిముద్ర. సొమ్ము తీయుటకు బ్యాంకు మిత్రవద్ద వ్రేలిముద్ర. బియ్యము తెచ్చుటకు చౌకదుకాణమున వ్రేలిముద్ర. సిరాడబ్బి పోయి గాజుపలక వచ్చినది. ఆ గాజుపలకవెనుక ఏమి వ్రాయబడుచున్నదో చదివి తెలిసికొనగల సభ్యులు మన సంఘములయం దెందరో, ప్రతి సంఘమువారును తమలో తాము లెక్కించి చూచుకొనవలసియున్నది.

ఇందు రైతునకు కలుగగల నష్టము చిన్నది కాదు. పంట నమోదు తప్పినచో పంటనష్ట పరిహారమునకును, భీమాకును, మద్దతు ధరకు ధాన్యము అమ్ముకొనుటకును అడ్డంకి కలుగును. 2019వ సంవత్సరపు ఫిబ్రవరి 24వ తేదీన ఆరంభమైన పీఎం కిసాన్ పథకమున ఏటికి 6,000 రూపాయలు మూడు కంతులుగ వచ్చును గాని, ఈ-కేవైసీ పూర్తికానిచో ఆ కంతులు నిలిచిపోవును. సొమ్ము నిలిచిపోవుట యొక యెత్తు. ఉన్న సొమ్ము దొంగలపాలగుట మరియొక యెత్తు.

ఈ విషయమున పట్టణవాసులు తొందరపడి చెప్పు మాట యొకటి కలదు. రైతు అంతగా చదివినవాడు కాడు గనుక ఈ యంత్రములు వానికి పట్టుపడవని వారందురు. ఇది సరి కాదు. అనకాపల్లి మార్కెట్టులో బెల్లపు దిమ్మ రంగు చూచి, చిన్న ముక్క విరిచి నోట వేసికొని, పాకము ఎట్లు కాగినదో చెప్పగల మనుష్యునకు తెలివి కొరత యెక్కడిది? 1913వ సంవత్సరమున స్థాపింపబడిన అనకాపల్లి చెరకు పరిశోధనా స్థానమునుండి వెలువడిన 87ఏ298 అను రకమునకు విశ్వామిత్ర యను చక్కని పేరున్నది. అయినను దానిని అంకెలతోనే తడబడక చెప్పు రైతులు మనలో కలరు. ఇట్టి అంకెలను గుర్తుంచుకొనగలవారు తమ సర్వే నంబరును, ఖాతాలోని నిలువను తెరమీద గుర్తింపలేరా? కొరతపడినది తెలివి కాదు, కాలము. ఈ వ్యాసమున చెప్పదలచినదియు ఇదియే.

ఇది మా యొక్కరి యూహ కాదు. వయోజన విద్యను గూర్చి పరిశోధించువారు ఇతర దేశములయందును దీనినే కనుగొనుచున్నారు. ఓ.ఇ.సి.డి. అను దేశముల సంస్థ 2011వ సంవత్సరము మొదలు వయోజనుల నేర్పులను పరీక్షించుచు, నేర్వవలెనని కోరియు నేర్వలేకపోయినవారిని కారణ మడుగగా, పనితొందర యని చెప్పినవారే అందరికంటె ఎక్కువగా తేలిరి. ఇంటిపనియు, పిల్లల పెంపకమును దాని తరువాతి కారణము. జర్మనీ దేశపు పరిశోధకురాలు సబీనె ష్మిట్-లౌఫ్ 2008వ సంవత్సరమున పెద్దల విద్యకు వలసిన కాలమును గూర్చియే ప్రత్యేకముగ నొక గ్రంథమును ప్రకటించెను. పండితులు గ్రంథములకు గ్రంథములే వ్రాయుచున్న ఈ సంగతి సేద్యగానికి ఒక్క మాటతో తెలియును. పంటకు ఇన్ని తడులు కావలెనని లెక్క యున్నది గదా. ఆ తడులన్నియు ఒక్క వారములోనే పెట్టి లెక్క సరిపుచ్చిన పైరు బ్రతుకునా? ఎన్ని తడులన్నది ఒక ప్రశ్న. ఎప్పుడు, ఎంత యెడముతో అన్నది వేరొక ప్రశ్న. విద్యకును అంతియే.

ఇప్పుడు మన దేశమున జరిగిన ప్రయత్నమును చూతము. 2017వ సంవత్సరపు ఫిబ్రవరి మాసమున కేంద్రప్రభుత్వమువారు ప్రధానమంత్రి గ్రామీణ డిజిటల్ సాక్షరతా అభియాన్ అను పథకమును ఆమోదించిరి. 14 మొదలు 60 ఏండ్ల వయస్సుగలవారిలో ఇంటి కొకరు చొప్పున 6 కోట్లమందికి ఫోను, కంప్యూటరు, ఇంటర్నెట్టు, నగదులేని చెల్లింపులు నేర్పవలెనని సంకల్పము. ఆ పథకము 2024వ సంవత్సరపు మార్చి 31వ తేదీతో ముగియునప్పటికి 7 కోట్ల 35 లక్షలమంది చేరిరనియు, 6 కోట్ల 39 లక్షలమంది శిక్షణ పొందిరనియు ప్రభుత్వపు లెక్క. పరీక్ష నిచ్చి ధ్రువపత్రము పొందినవారు సుమారు 4 కోట్ల 78 లక్షలమంది. సంఖ్యలనుబట్టి చూచిన ఇది సామాన్యమైన పని కాదు. ప్రపంచమున ఇంత పెద్ద ప్రయత్నములు అరుదు. కాని శిక్షణకు నిర్ణయించిన కాలమెంత? 20 గంటలు. దానిని 10 దినములకు తక్కువ కాకుండ, 30 దినములకు మించకుండ ముగింపవలెనని నియమము.

20 గంటలు చాలవని మేము ఫిర్యాదు చేయుటలేదు. ఆ గంటలు ఎట్లు పరచబడెనో చూడుడు. 1885వ సంవత్సరమున ఎబ్బింగ్‌హౌస్ అను జర్మను పండితుడు అర్థములేని అక్షరముల మాలలను తానే కంఠస్థము చేసి, ఎంత కాలమునకు ఎంత మరచునో కొలిచి చూచెను. నేర్చినదానిలో సగముకంటె ఎక్కువ మొదటి గంటలోనే జారిపోవుచుండెను. తరువాతి మరపు క్రమముగ మందగించుచుండెను. ఒక్కసారి కూర్చుండి పలుమారులు వల్లించుటకంటె దినముల యెడముతో వల్లించుట లాభకరమనియు అతడే కనుగొనెను. ఆ పరిశోధన తరువాత అనేకులచే సరిచూడబడి నిలిచినది. పది దినములలో 20 గంటలు కూర్చుండి విన్న రైతు, ఆ తరువాత మూడు మాసములు ఫోనును మాటలాడుటకు తప్ప తాకకున్నచో వానివద్ద మిగులునది ధ్రువపత్రము మాత్రమే.

అనకాపల్లి ప్రాంతపు వ్యవసాయ సంవత్సరము నొకసారి మనస్సునకు తెచ్చుకొనిన ఈ చిక్కు మరింత స్పష్టమగును. తొలకరి పడినది మొదలు ఆకుమళ్ళు, దమ్ము, ఊడ్పులు. శ్రావణ భాద్రపదములు కలుపుతోను, ఎరువులతోను సగము గడచును. కార్తీకము తరువాత కోతలు, నూర్పులు, కళ్ళములు. ధాన్యము ఇల్లు చేరకమునుపే చెరకు నరకుట, గానుగ ఆడుట, బెల్లము వండుట మొదలగును. సంక్రాంతి మూడు దినములు తీసివేసిన, ఉగాది వరకు పొయ్యి ఆరదు. ఆ నడుమనే క్రొత్త చెరకు నాటుట. కొత్త అమావాస్యకు నూకాంబిక అమ్మవారి జాతర ఆరంభమై మాసము నడచును. ఆ పిదపనే రైతునకు కొంత ఊపిరి. ఇక ప్రభుత్వపు పంచాంగము చూడుడు. ఖరీఫు పంట నమోదు సాధారణముగ ఊడ్పులును, కలుపుతీతయు జరుగు మాసములలోనే సాగును. రబీ నమోదు చెరకు నరకుడు దినములలో పడును. అనగా ఫోనుతో పని యెక్కువైన దినములే పొలముతోను పని యెక్కువైన దినములు. అట్టి దినములలో రైతు నేర్చుకొనడు, ఎవరిచేతనైన చేయించుకొనును. ఫోనును, రహస్య సంఖ్యను పరుల చేతి కిచ్చుట అచ్చటనే అలవాటగుచున్నది. పరుల నింద యేల, తీరుబడి లేనివాడు వేరేమి చేయును?

స్త్రీల సంగతి ఇంకను కఠినము. 2024వ సంవత్సరమున భారతదేశమంతట జరిగిన కాలవినియోగ సర్వేలో, ఇంటివారి కొరకు కూలిలేని ఇంటిపని చేయు స్త్రీలు దినమునకు సగటున 289 నిమిషములును, పురుషులు 88 నిమిషములును దానికి వెచ్చించుచున్నట్లు తేలినది. పొలములో పురుషునితో సమానముగ వంగి నాట్లు వేసిన యిల్లాలికి సాయంకాలపు బడికి తీరుబడి దొరకకపోవుటలో వింత లేదు. 2019-20లో మన రాష్ట్రమున జరిగిన కుటుంబ ఆరోగ్య సర్వేలో ఎన్నడైన ఇంటర్నెట్టు వాడితిమని చెప్పిన పురుషులు నూటికి 48.8 మంది కాగా, స్త్రీలు 21 మంది. ఈ తేడా కొంత ఫోను ఎవరి చేతిలో నున్నదన్నదానివలనను, కొంత కాలము ఎవరి చేతిలో నున్నదన్నదానివలనను కలిగినదని మా తలంపు. కావున సంఘమువారు బడి పెట్టునపుడు స్త్రీలకు వేరు వేళ యుంచుట మర్యాద కొరకు కాదు, పని జరుగుట కొరకు. మధ్యాహ్నము భోజనములై, పశువులను మరల విప్పుటకు ముందుగల గంట సాధారణముగ అనుకూలము. అయితే ఆ వేళను నిర్ణయించు అధికారము వారికే వదలవలెను.

కాలము ననుసరించి పెద్దలకు విద్య గరపుట సాధ్యమా యని సందేహించువారికి మన కళ్ళయెదుటనే నిదర్శనము కలదు. అది పొలంబడి. దాని పుట్టుక ఇండొనీషియాలో జరిగినది. అచ్చట వరిపైరును సుడిదోమ నాశనము చేయగా, మందులు హెచ్చిన కొలదియు దోమ హెచ్చుచుండుట గ్రహించి, 1986వ సంవత్సరమున ప్రభుత్వము వారు వరికి వాడు 57 పురుగుమందులను నిషేధించిరి. 1989వ సంవత్సరము మొదలు ప్రపంచ ఆహార, వ్యవసాయ సంస్థవారి తోడ్పాటుతో రైతులకు పొలములోనే బడులు పెట్టిరి. సుమారు పాతికమంది రైతులు వారమున కొక్క ఉదయము గట్టుమీద కూడుదురు. ఆ వారము పైరు ఏ దశలో నున్నదో ఆ దశకు సంబంధించిన పాఠమే నేర్తురు. నాట్లతో మొదలైన బడి కోతతో ముగియును. మన రాష్ట్రమున వ్యవసాయశాఖవారు పొలంబడి యను పేరుతో నడపినది ఈ పద్ధతియే. ఇందు పాఠమునకు పైరే గడియారము. వారమున కొకసారి కూడుటచేత విన్నదానిని ఆరు దినములు పొలమున సరిచూచుకొను అవకాశము కలుగును. ఎబ్బింగ్‌హౌస్ చెప్పిన యెడము అడుగకుండగనే సిద్ధించినది.

రెండవ నిదర్శనము నెల్లూరు జిల్లాది. 1991వ సంవత్సరమున అచ్చట సంపూర్ణ సాక్షరతా ఉద్యమమున రాత్రి బడులకు వచ్చిన స్త్రీలు కూలిపనిచేసి అలసినవారే. అయినను వారు రాక మానలేదు. పాఠములలో తమ బ్రతుకే యున్నది. సారావలన చెడిన సంసారముల మాట యున్నది. దూబగుంట గ్రామ స్త్రీలు సారా అంగడిని మూయించుటతో లేచిన ఆ కదలిక జిల్లా అంతట వ్యాపించి, 1993వ సంవత్సరపు అక్టోబరు 1వ తేదీన రాష్ట్రమంతట సారా నిషేధమునకు దారితీసినది. తమకు పనికివచ్చు పాఠమైనచో పెద్దలు నిద్ర మాని యైనను నేర్తురని దీనివలన స్పష్టమగుచున్నది.

ఇక మన సంఘములు చేయదగిన పని. ఆ 20 గంటలనే తీసికొని రెండు విడతలుగ పరచిన చాలును. ఉగాది దాటి గానుగలు నిలిచిన పిదప తొలకరి వరకు ఎనిమిది వారములు, వారమున కొక సాయంకాలము గంటన్నర చొప్పున 12 గంటలు. ఊడ్పులు ముగిసిన తరువాత దీపావళి లోపల ఎనిమిది వారములు, గంట చొప్పున 8 గంటలు. నడుమ దినములలో, ఎరువులకో అప్పుల కంతులకో సభ్యుడు సంఘ కార్యాలయమునకు వచ్చినప్పుడెల్ల, నేర్చినదానిని అతనిచేతనే ఒకసారి చేయింపవలెను. ఆ పని యే సంఘ ఉద్యోగి బల్లవద్దనో రెండు నిమిషములలో తీరును.

ఏమి నేర్పవలెను? 2013వ సంవత్సరమున ఐరోపా సంఘమువారు ఇట్టి విద్యకు ఐదు అంగములను నిర్ణయించిరి. సమాచారమును వెదకి సరిచూచుట, ఇతరులతో సంభాషించుట, స్వయముగ రచించుట, భద్రత, చిక్కులను పరిష్కరించుట అని వాటి వరుస. వారికి భద్రత నాలుగవది. మన రైతులకు అదియే మొదటిది కావలెను. కన్నము పడిన గాదెలో ధాన్యము నింపుట యెవరికి లాభము?

కావున వేసవి పాఠములు సొమ్ముతో మొదలు పెట్టవలెను. యూపీఐ పిన్ అనునది సొమ్ము చెల్లించుటకు మాత్రమే. సొమ్ము పుచ్చుకొనుటకు ఎన్నడును అక్కరలేదు. బెల్లము కొన్నవాడు డబ్బు పంపుచున్నాను, పిన్ కొట్టుమనిన వాడు దొంగయే. ఈ యొక్క సూత్రము నోటికి వచ్చువరకు రెండవ పాఠమునకు పోరాదు. ఓటీపీ యనునది మన యింటి తాళపుచెవి వంటిది. బ్యాంకువారమన్నను, పోలీసులమన్నను ఫోనులో అడిగినవారికి చెప్పరాదు. వాట్సాప్‌లో పీఎం కిసాన్ పేరనో, బ్యాంకు పేరనో వచ్చి చివర ఏ.పీ.కే. అను మూడక్షరముల తోక గల ఫైలును ముట్టరాదు. ముట్టినచో ఫోనులోని సందేశములు పరులు చదువ వీలగును. వ్రేలిముద్రతో సొమ్ము తీయునపుడు ఎంత సొమ్మునకు ముద్ర వేయుచున్నామో తెరమీద అంకె చూడవలెను, రసీదు పుచ్చుకొనవలెను, మొదటిసారి ముద్ర పడలేదని మరల వేయుమన్నచో, పడలేదను సందేశము చూపించుమని అడుగవలెను. వ్రేలిముద్రను వాడని దినములలో దానికి తాళము వేసియుంచు వసతి ఆధార్ సంస్థవారే కల్పించియున్నారు. ఇన్ని జాగ్రత్తలు పడియు సొమ్ము పోయినచో సిగ్గుపడి దాచక, ఆ గడియలోనే 1930 అను సంఖ్యకు ఫోను చేయవలెను. ఆలస్యమైన కొలదియు సొమ్ము ఖాతానుండి ఖాతాకు దాటిపోవును.

తొలకరికి ముందు తుది పాఠములు పంట నమోదుపై నుండవలెను. సర్వే నంబరు, విస్తీర్ణము, పంట పేరు, సాగుదారు పేరు అను నాలుగింటిని రసీదుమీద చదువ నేర్చిన చాలును. కౌలురైతులు సాగుదారు పేరును మరింత జాగ్రత్తగ చూడవలెను. 2019వ సంవత్సరపు పంట సాగుదారు హక్కుల చట్టము ప్రకారము వారికిచ్చు పత్రము 11 మాసములే చెల్లును. పత్రము లేక, నమోదు భూస్వామి పేరనే జరిగినచో, మడిలో చెమట ఒకరిది, పరిహార మొకరిది యగును. ఊడ్పుల తరువాతి విడత వచ్చునప్పటికి నమోదు జాబితాలను రైతు సేవా కేంద్రములలో తనిఖీకై ప్రదర్శింతురు. ఆ జాబితాయే అప్పటి పాఠ్యపుస్తకము. తప్పు కనుగొన్నవారు గడువులోపల అభ్యంతరము వ్రాసి యిచ్చుటయే పరీక్ష. తరువాత సంఘపు ఖాతా చదువుట. 2022వ సంవత్సరపు జూన్ 29వ తేదీన కేంద్రప్రభుత్వమువారు 2,516 కోట్ల రూపాయల వ్యయముతో 63,000 ప్రాథమిక సంఘముల లెక్కలను కంప్యూటర్లలోని కెక్కించు పథకము నామోదించిరి. పుస్తకములోని లెక్క కంప్యూటరులోని కెక్కునపుడు తన పేర అసలెంత, వడ్డీ యెంత, వాటాధన మెంత అని సరిచూచుకొనుట సభ్యుని హక్కు. 2025వ సంవత్సరపు జనవరి 30వ తేదీన రాష్ట్రప్రభుత్వమువారు వాట్సాప్‌లో ఆరంభించిన మనమిత్ర వంటి సేవలను ఇంత నేర్చినవారు తామే వాడుకొందురు. వాటికి వేరే బడి యక్కరలేదు.

ఒక హెచ్చరిక. 2014వ సంవత్సరపు అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను ఈ తీరమును దాటినపుడు చెరకు నేలకొరగుటయే గాక, విద్యుత్తును, ఫోన్లును దినముల తరబడి లేకపోయెను. కావున నమోదు రసీదును, ఖాతా పుస్తకపు నకలును కాగితముమీద తీసి పెట్టెలో నుంచుట ఈ విద్యలోని భాగమే.

బోధకులను గూర్చి ఒక మాట. వేరే పంతులు కావలెనని కాచుకొని కూర్చుండ నక్కరలేదు. కళాశాలలో చదువు పిల్లలు ప్రతి గ్రామమున నున్నారు. వేసవిలో వారికి సెలవులు. కాని పిల్లలకు ఓపిక తక్కువ. తాతయ్య వ్రేలు తడబడగానే, ఇటు తెమ్మని ఫోను లాగుకొని తామే నొక్కివేయుదురు. పని జరుగును, విద్య జరుగదు. అందుచేత బడికి ఒకే నియమము పెట్టవలెను: నేర్చువాని చేతిలోని ఫోనును నేర్పువాడు తాకరాదు, నోటితోనే చెప్పవలెను. మొదటి దినము ఒక సందేశము చదువుటకు అరగంట పట్టినను పట్టనిండు. ఆ అరగంటను ఓర్చుకొనుటకే గదా ఇంత కాలమును వేరుగ తీసిపెట్టుట.

ఇందునకు సంఘమునకగు వ్యయము చాపలు, దీపము, త్రాగునీరు, రసీదుల నకళ్ళు తీయించు కూలి. గానుగలు నిలుచుటకు ముందే ఎనిమిది సాయంకాలముల తేదీలను నిర్ణయించి, కార్యాలయపు గోడమీదను, మార్కెట్టుకు బండ్లు పోవు త్రోవలోని టీ అంగడివద్దను వ్రాసి కట్టవలెను. స్త్రీలు కోరిన వేళను వేరు వరుసలో వ్రాయవలెను.